టీచరమ్మ కారుకు కింద గేరు

పాత కారు నేలకు రంధ్రం కోయడం పెద్ద పనేమీ కాదు. కటింగ్ మిషన్ చేతిలో ఉంటే అరగంట చాలు. ఆ రంధ్రం ఎవరి కోసం కోస్తున్నామో ముందుగా అడగాలన్న బుద్ధి నాకు రావడానికి మాత్రం ముప్పై ఏళ్లకు పైనే పట్టింది. ఆ ఆలస్యం గురించే ఇది రాస్తున్నాను.

నా పేరు గౌస్. కొత్తకోటలో బెంగళూరు హైవే పక్కన షెడ్డు నడిపాను. కారు కిందికి దూరితే మళ్లీ బయటికి రావడానికి మోకాళ్లు ఒప్పుకోని రోజు వచ్చాక, రెండేళ్ల కింద తాళాలు మా తమ్ముడి కొడుకుకు ఇచ్చేశాను. అతను, అతని ఈడు మెకానిక్కులు ఫోన్లో వీడియోలు చూసి పని నేర్చుకుంటున్నారు. బోల్టు ఎంత బిగించాలో నాకంటే వాళ్లకే బాగా తెలుసు. అందుకని బోల్టుల గురించి నేనేమీ రాయను.

నా ప్రత్యేకత ఒకటుండేది. పాత అంబాసిడర్లలో గేరు కర్ర నేల మీద ఉండదు. స్టీరింగ్ పక్కన కొమ్మలా పొడుచుకొని ఉంటుంది. దాన్ని అక్కడి నుంచి తీసేసి, డ్రైవరుకూ పక్క మనిషికీ నడుమ నేల మీద కొత్త కర్ర నిలబెట్టి, దాని చుట్టూ ఒక పెట్టె అమర్చేవాణ్ని. ఆ పెట్టెను కన్సోల్ అంటారు. మొత్తం పనిని మావైపు ‘కింద గేరు’ అనేవాళ్లు. పాలమూరు మొత్తంలో కింద గేరు అంటే కొత్తకోట గౌస్ అని పేరుండేది. ఆ పేరు సగం నేనే పుట్టించుకున్నాను.

ఉస్తాద్ చేయి

నేను పని నేర్చుకున్నది వనపర్తిలో, యూసుఫ్ ఉస్తాద్ దగ్గర. ఆయన వెల్డింగ్ చేస్తే అతుకు ఎక్కడుందో కనిపించేది కాదు. మేం చేసిన అతుకు మీద కళ్లు మూసుకొని చూపుడు వేలు నడిపేవాడు. వేలు ఎక్కడైనా ఆగిందంటే పానా గాల్లోకి లేచేది. ఆయన గురి ఎంత మంచిదంటే, అన్నేళ్లలో విసిరిన పానాల్లో ఒక్కటి కూడా ఎవరికీ తగల్లేదు.

ఆయనకు ఒకటే లోపం. బండి తెచ్చిన మనిషి మాట పూర్తిగా వినేవాడు కాదు. ఒకసారి పెబ్బేరు నుంచి ఒకాయన జీపు తెచ్చాడు. “ఉస్తాద్, హారన్...” అని ఇంకా ఏదో చెప్పబోతున్నాడు. జీపు లోపలికి వస్తుంటే గేర్‌బాక్సులో ఏదో కూత ఉస్తాద్ చెవిన పడింది. అంతే, చేయి అడ్డం పెట్టాడు.

“నువ్వు నోరు ముయ్యి. బండి చెప్తుంది నాకు.”

నాలుగు రోజులు కష్టపడి గేర్‌బాక్సు మొత్తం విప్పి, వెన్నలా చేసి ఇచ్చాడు. జీపాయన మర్యాదస్తుడు. దండం పెట్టి, సంతకు పోతూ అడ్డం వస్తున్న బర్రెలను “హోయ్, హోయ్” అని నోటితోనే అదిలించుకుంటూ వెళ్లిపోయాడు. హారన్ సంగతి ఉస్తాద్‌కు చెప్పే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.

చాలా ఏళ్లు ఈ కథ చెప్పి నవ్వించేవాణ్ని. ఉస్తాద్ నుంచి ఆయన చేతి పని ఎంత వచ్చిందో, ఆ వినని అలవాటు కూడా అంతే వచ్చిందని నాకప్పుడు తెలియదు.

షోకు రోజులు

కింద గేరు అడిగేవాళ్లలో ఎక్కువ మంది షోకు కోసమే అడిగేవాళ్లు. గద్వాలలో కంకర మిషన్ నడిపే ఒకాయన గేరు కర్ర తలకాయ దగ్గర స్టీలు సింహం కావాలన్నాడు. చేయించాను. జూలు, కోరలు, అన్నీ ఉన్నాయి. ఎండాకాలం గద్వాల ఎండలో కారు గంట సేపు నిలిపితే ఆ సింహాన్ని ముట్టుకోవడం ఎవరి తరం? పాపం, ఆయన సింహానికి తడి తువ్వాల కప్పి కారు నడిపేవాడు. ఎదురుపడితే నన్ను తిట్టేవాడు కాదు, సింహాన్ని తిట్టేవాడు.

అలాంటి పనులే చేసి చేసి, కింద గేరు అంటే షోకేనన్న నమ్మకం నాలో గట్టిపడింది. పద్మావతి టీచరమ్మ వచ్చేటప్పటికి నా పరిస్థితి అది.

టీచరమ్మ

ఒకరోజు పొద్దున పాలరంగు అంబాసిడర్ ఒకటి షెడ్డు ముందుకు వచ్చింది. స్టీరింగ్ పైన ఒక జత కళ్లద్దాలు, ఒక కొప్పు మాత్రమే కనిపించాయి. కారు ఆగి, తలుపు తెరుచుకొని, అరవై దాటిన పొట్టి మనిషి దిగింది. గద్వాలలో లెక్కల టీచరుగా చేసి రిటైర్ అయిందట.

“గౌస్ అంటే నువ్వేనా?”

“నేనేనమ్మా.”

“గేరు కిందికి దించుతవంట గదా. నాది గూడ దించు.”

“మంచిగ దించుతనమ్మా. చూసినోళ్లు మళ్ల చూసేటట్టు చేసిస్త. షోకుగ.”

“షోకు నీ ఇష్టం. నాకు చేతికి అందాలె. అంతే.”

ఆమెకు కావలసినదంతా ఆ ఒక్క మాటలో ఉంది. నాకు మాత్రం ‘షోకు నీ ఇష్టం’ అన్నంత వరకే వినిపించింది.

ఇంకో మాట కూడా చెప్పింది. “అప్పట్ల మేము అలంపూర్ల ఉంటుంటిమి. వరదకు ఈ కారు మునిగింది. బురద తీయించి బాగు చేయించిన గని, నేల సంగతి నాకు తెల్వదు. జర చూస్కో.”

“చూస్తనమ్మా,” అన్నాను. చూశాను కూడా. మ్యాటు ఎత్తితే కింద నల్లరంగు నిగనిగలాడుతోంది. రెండు చోట్ల పానాతో కొట్టాను, టంగుమంది. మూడో చోట కొట్టలేదు. అప్పటికే నా మనసు కన్సోల్‌కు ఏ చెక్క బాగుంటుందా అన్నదాని మీదికి వెళ్లిపోయింది.

టేకు పెట్టె

ఆ కార్లలో ముందు సీటు ఒకే పొడవాటి బల్లలా ఉంటుంది. నడుమ గేరు రావాలంటే దాన్ని రెండుగా కోయాలి. కోశాను. నేలలో రంధ్రం చేసి, గేర్‌బాక్సు దాకా కొత్త రాడ్లు వేసి, అడుగున ఒక ఇనుప ప్లేటు నేల రేకుకు బిగించి, దాని మీద కర్ర నిలబెట్టాను. ఎంత ముందుకు ఉండాలో తేల్చడానికి డ్రైవరు సీట్లో కూర్చొని చేయి చాచాను. బ్రహ్మాండంగా అందింది. నేను ఆరడుగులకు రెండంగుళాలే తక్కువ.

కన్సోల్ పని వనపర్తిలో సుదర్శనాచారికి అప్పగించాను. తలుపు చేయమంటే నెల, కిటికీ చేయమంటే రెండు నెలలు పట్టే వడ్రంగి. ఈ పెట్టె మాత్రం వారంలో తెచ్చాడు. పాత దర్వాజా టేకు. కళ్లద్దాలకో అర, ఫోనుకో అర, తాంబూలానికో అర. ఆమె పద్మావతి కాబట్టి మూత మీద విచ్చుకున్న పద్మం చెక్కాడు.

“తాంబూలం అర ఎందుకు పెట్టినవ్ ఆచారీ? ఆమె వక్క గూడ నమలదు.”

“నమలకుంటే ఏమాయె. అర ఉంటే నిండుగ ఉంటది.”

టీచరమ్మ తీసుకెళ్లడానికి వచ్చింది. సీట్లో కూర్చొని, పెడల్స్ అందడానికి సీటును బాగా ముందుకు జరుపుకుంది. దాంతో గేరు కర్ర ఆమె తుంటి పక్కకు, ఇంకా చెప్పాలంటే కొంచెం వెనక్కే పోయింది. రెండో గేరు వేయడానికి మోచేతిని వెనక్కి లాగవలసి వచ్చింది. ఆమె పెదవి కొరుక్కుంది. నేను అటువైపు నిలబడి పద్మం మీద దుమ్ము తుడుస్తున్నాను.

“గౌస్, కొలత ఎవరి చెయ్యితోని తీస్కున్నవు?”

“నా చెయ్యితోనేనమ్మా.”

“గట్లనే అనుకున్న,” అంది. “ఇప్పటికే పది దినాలాయె. కారు లేకుంటే నాకు గడవదు. అలవాటు చేస్కుంటలే,” అని వెళ్లిపోయింది.

నేను దాన్ని మెచ్చుకోలు కిందే జమ కట్టుకున్నాను.

మూడో గేరులో వచ్చిన కారు

రెండు వారాలు గడిచాయి. పదిన్నర అవుతుండగా షెడ్డులోకి ముందు వాసన వచ్చింది. క్లచ్ ప్లేటు కాలిన వాసన ఒకసారి పీల్చినవాడు మరిచిపోడు. దాని వెనక పాలరంగు కారు వచ్చి, రెండుసార్లు ఎగిరి, ఆగిపోయింది. టీచరమ్మ దిగింది. చేతిలో నేను పెట్టిన గేరు కర్ర ఉంది. దాని కింద ప్లేటు, ప్లేటుకు వేలాడుతూ అరచేయంత తుప్పు రేకు. నేరుగా వచ్చి దాన్ని నా బల్ల మీద, చాయ్ గ్లాసు పక్కన పెట్టింది.

“ఇగో నీ గేరు. కారు బయట ఉన్నది, అది గూడ నీదే చూడు.”

జరిగింది ఆమే చెప్పింది. ఎర్రవల్లి చౌరస్తా దాటాక, మూడు నుంచి రెండుకు మార్చబోతే కర్ర నేలతో సహా ఊడి చేతికి వచ్చింది. రంధ్రంలోంచి కింద రోడ్డు పరుగెత్తుతూ కనిపించింది. గేర్‌బాక్సు మూడోదాంట్లో ఉండిపోయింది. ఆగితే మళ్లీ కదలదేమోనని భయం. పెబ్బేరు దగ్గర వనపర్తి మలుపు తిరగాలంటే సందులో ఆగాలి, అందుకని తిరగకుండా హైవే మీద లారీల నడుమ తిన్నగా కొత్తకోట దాకా వచ్చేసింది.

“నడుమల యాడన్న ఆపి నాకు ఫోన్ చేస్తే అయిపోతుండె గదమ్మా!”

“ఎట్ల ఆపాలె? ఎనక అక్క ఉన్నది.”

అప్పుడు చూశాను. వెనక సీట్లో డెబ్బై ఏళ్లు దాటిన ఒకావిడ దిండుకు ఆనుకొని ఉంది. ముఖం ఉబ్బి ఉంది, పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. ఒళ్లో ఆసుపత్రి ఫైలు. టీచరమ్మ అక్క సుశీలమ్మ. మూత్రపిండాలు పని చేయక వారానికి రెండుసార్లు వనపర్తిలో డయాలసిస్ చేయించుకుంటోంది. ఆ పొద్దున పది గంటలకు మిషన్ మీద ఉండవలసిన మనిషి.

పక్క షెడ్డు జీపు అడిగి తీసుకొని, ఇద్దరినీ ఎక్కించి వనపర్తికి తోలాను. దారిలో టీచరమ్మ గడియారం చూసుకుంటూ కూర్చుంది. సుశీలమ్మే అడిగింది.

“పద్మా, గేరు పెట్టిన మేస్త్రీ ఇతనేనా?”

“ఇతనే అక్కా.”

“పువ్వు మస్తుగున్నది బిడ్డా. ఎవరు చెక్కిండ్రు?”

తిట్టి ఉంటే ఇంత గుర్తుండేది కాదు.

ఆసుపత్రిలో సుశీలమ్మను లోపలికి తీసుకెళ్లాక, వరండా బెంచీ మీద టీచరమ్మ పక్కన కూర్చున్నాను. అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఏడాదిగా ఆమె ఎడమ భుజం పట్టేసి ఉంది. స్టీరింగ్ పక్క గేరుకు ప్రతిసారీ చేయి ఎత్తాలి. మొదటి గేరు వేస్తే కళ్లల్లో నీళ్లు తిరిగేవి. పొద్దంతా ఆసుపత్రి దగ్గర కాచుకొని కూర్చునే డ్రైవర్లు దొరకలేదు, దొరికినవాళ్లు నిలవలేదు. గేరు కిందికి వస్తే చేయి ఎత్తే బాధ తప్పుతుందని ఎవరో చెబితే నా దగ్గరికి వచ్చింది.

“ఈ మాట మొదలే చెప్పకపోతివి అమ్మా.”

“నువ్వు అడిగినవా?”

ఆమె కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంటూ అంది. “లెక్క మొత్తం చదవకముందే జవాబు రాసేటోళ్లు క్లాసుకు ఇద్దరు ఉంటరు గౌస్. తెలివిలేనోళ్లు గాదు. వాళ్లకు తెలివి మీద జర నమ్మకం ఎక్కువ.”

ఇక్కడ తమాషా పక్కన పెట్టి ఒక మాట రాయాలి. ఆ కర్ర ఊడిన క్షణంలో వెనక లారీ దగ్గరగా ఉండి, ఆమె గాభరాపడి బ్రేకు తొక్కి ఉంటే ఇద్దరు మనుషులు పోయేవాళ్లు. కారణం వరద కాదు, తుప్పు కాదు. నేను మూడో చోట కొట్టకపోవడం.

మళ్లీ మొదటి నుంచి

కారును పైకి లేపి కింది నుంచి నేలను స్క్రూడ్రైవరుతో పొడిచాను. మూడు చోట్ల రేకు అప్పడంలా విరిగి, స్క్రూడ్రైవరు లోపలికి దిగిపోయింది. బురద కడిగి, తుప్పు మీదే మందంగా నల్లరంగు పూశారు ఎవరో. వాళ్లను నేను తిట్టలేదు. వాళ్లు దాచారు సరే, వెతకవలసినవాణ్ని నేను.

ముందు సీట్ల కింది నేలంతా కోసి పారేశాను. కొత్త మందపు రేకు వెల్డింగ్ చేసి, దాని అడుగున రెండు ఇనుప పట్టీలు అటూ ఇటూ గట్టి బీముల దాకా వేశాను. గేరు ప్లేటును ఈసారి రేకుకు బిగించలేదు, ఆ పట్టీలకు బిగించాను. పని అయ్యాక నా బరువంతా వేసి కర్రను ఊపాను. ఇంకో ఇద్దరితో ఊపించాను.

ఆ తర్వాత ఉస్తాద్ దగ్గర ఎన్నడూ నేర్చుకోని పని మొదలైంది. టీచరమ్మను సీట్లో కూర్చోబెట్టి, టేపు పట్టుకొని పక్కన నిలబడ్డాను.

“చెయ్యి యాడిదాక పోతే నొస్తది అమ్మా?”

“ఇగో, ఈడిదాక నొయ్యదు. ఇంకో రెండంగుళాలు పోతే నొస్తది. రాస్కో. చెక్క దిక్కు చూడకు, నా దిక్కు చూడు.”

కర్రను ముందుకు, ఆమె వైపుకు కొంగ మెడలా వంచాను. కర్ర పొట్టిగా ఉంటే చేయి తక్కువ దూరం కదిలితే సరిపోతుంది, కానీ గేరు బరువుగా పడుతుంది. పొడుగుదైతే తేలిక, కానీ చేయి ఎక్కువ దూరం పోవాలి. ఆమె భుజానికి రెండూ పడవు. మూడు కర్రలు చేశాను. మొదటిదాన్ని చూసి “ఇది నీది” అంది. రెండోదాన్ని చూసి “ఇది మీ ఉస్తాద్‌ది” అంది. హారన్ కథ నేనే చెప్పి ఉన్నాను మరి. మూడోది పట్టుకొని నాలుగు గేర్లూ వేసి చూసి, “ఇది నాది” అంది.

మోచేయి ఎత్తకుండా ఉండాలంటే దానికి కింద ఆనిక కావాలి. ఆ ఆనిక సరిగ్గా ఆచారి చెక్కిన పద్మం మీదికే వస్తోంది. పూరేకులు మోచేతికి గీసుకుంటాయి. ఆచారిని పిలిపించి చెప్పేసరికి మనిషి కుదేలయ్యాడు.

“పద్మాన్ని చెక్కి తీసేయమంటవా గౌసన్నా? దానికి మూడు దినాలు పట్టింది నాకు.”

సమాధానం టీచరమ్మ చెప్పింది. “ఆచారీ, పద్మం మీద లక్ష్మి కూసోవాలె గని నా మోచెయ్యి గాదు.”

ఆయన తానే చిత్రిక పట్టి మూతను నున్నగా చేశాడు. పైన స్పాంజి, రెక్సిన్ వేసి కుట్టించాను. ఒక అరను వెడల్పు చేసి ఆసుపత్రి ఫైలు పట్టేలా మార్చాడు. తాంబూలం అరలో నీళ్ల సీసా పట్టింది. “చూసినవా, అర పనికొచ్చింది,” అని నన్ను ఇప్పటికీ దెప్పుతాడు.

పని పూర్తయ్యే వరకు ఆ అక్కచెల్లెళ్లకు నేనే డ్రైవర్ని. వారానికి రెండుసార్లు గద్వాల వెళ్లడం, వనపర్తికి తేవడం, సాయంత్రం దాకా వరండాలో కూర్చోవడం. డ్రైవర్లు ఎందుకు నిలవలేదో నాకు రెండో రోజే అర్థమైంది. ఆ వరండాలో మా బండి బాధలు ఏపాటివో కూడా అర్థమైంది. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నా సలహా ఇది: బండి తెచ్చిన మనిషి ఎక్కడికి పోతున్నాడో అడగండి, వీలైతే ఒకసారి వెంట వెళ్లండి. సగం పని అక్కడే అయిపోతుంది.

గద్వాల దారి

కారు సిద్ధమయ్యాక మొదటి ప్రయాణానికి వెంట వస్తానని నేనే బతిమిలాడాను. “పరీక్ష రాసినోడు దిద్దేకాడ కూసోవద్దు,” అంది టీచరమ్మ. అయినా ఎడమ సీట్లో చోటిచ్చింది. పొద్దున పోయేటప్పుడు ముగ్గురం మాట్లాడుకుంటూనే ఉన్నాం కాబట్టి నాకు పెద్దగా ఏమీ తెలియలేదు.

సాయంత్రం నాలుగు దాటాక సుశీలమ్మను బయటికి తెచ్చారు. డయాలసిస్ అయిన రోజు ఆమె ఒళ్లు పిండేసినట్టు అయిపోయేది. వెనక సీట్లో దిండు పెట్టి పడుకోబెట్టాం. మామూలుగా అయితే, బండి కుదుపులకు ఇల్లు చేరే దాకా ఆమెకు వాంతులే. జీపులో నేను తోలిన ప్రతిసారీ అలాగే జరిగింది.

టీచరమ్మ మోచేయి కన్సోల్ మీద ఆనించింది. మొదటి గేరు వేసింది. మోచేయి ఉన్నచోటు నుంచి లేవలేదు, మణికట్టు మాత్రం కదిలింది. వనపర్తి సందులు, స్పీడు బ్రేకర్లు, పెబ్బేరు మలుపు, హైవే. నలభై ఏళ్లుగా నేను ఏ బండిలో కూర్చున్నా గేరు పడే చప్పుడే వింటాను. ఆ రోజు చెవులు రిక్కించుకొని కూర్చున్నా రెండు ఎప్పుడు మూడు అయిందో, మూడు ఎప్పుడు నాలుగు అయిందో పట్టుకోలేకపోయాను. ప్రతి మార్పుకూ ముందు ఆమె ఒక క్షణం ఆగేది, ఇంజను కుదురుకునే దాకా. ఆ ఆగడం నేనెవరికీ నేర్పలేదు. నాకే రాదు.

ఎర్రవల్లి దాటాక ఇక ఉండబట్టలేక, “అమ్మా, ఏం తోలుతున్నవు...” అని మొదలుపెట్టాను. ఆమె గేరు మీది నుంచి ఒక్క వేలు ఎత్తింది.

“అక్క పండుకున్నది.”

నోరు మూసుకున్నాను. గద్వాలలో వాళ్లింటి ముందు కారు ఆగింది. టీచరమ్మ ఇంజను ఆపి, దిగి, వెనక తలుపు తెరిచి, అక్క భుజం మీద చేయి వేసింది. సుశీలమ్మ కళ్లు తెరిచి, ఎక్కడున్నదో అర్థం కాక ఇటూ అటూ చూసింది.

“పద్మా, కారు ఇంకా కదుల్తలేదేందే?”

“ఇల్లొచ్చింది అక్కా,” అంది టీచరమ్మ.